తొమ్మిదో గదిలో ఎనిమిదో మనిషి

"పెట్టెలో ఆవకాయ జాడీ ఉంది. సీలు వేస్తారా?"

"జాడీకి వేయము. పెట్టెకే వేస్తాము."

సంకేతవాక్యాలు సరిపోయాయి. మస్కట్‌లోని రూవిలో, మనీ ఎక్స్చేంజ్‌ల వెనుక సందులో ఉన్న ఆ కార్గో ఆఫీసు గుమాస్తా కౌంటర్ పలకను పైకెత్తి దారి ఇచ్చాడు. ఓంకార్ లోపలికి నడిచాడు. సిమెంటు మరకల నీలం కవరాల్, అరిగిన సేఫ్టీ షూ, చేతిలో తాళ్లతో బిగించిన అట్టపెట్టె. ఊరికి సామాను పంపుకొనే టైల్స్ మేస్త్రీ అని ఎవరైనా అనుకుంటారు. అనుకోవాలనే ఆ వేషం. బోర్డు లేని ఒక భారత ప్రభుత్వ శాఖలో అతడు పదకొండేళ్లుగా ఫీల్డ్ ఏజెంట్.

వెనుక గదిలో స్టేషన్ చీఫ్ మనోహరం కూర్చుని ఉన్నారు. నరసాపురం వారు, మస్కట్ ఎండలో కూడా టై వదలని మనిషి.

"కూర్చో. సమయం తక్కువ. ఆ హెల్త్ క్యాంపు గుట్టు తెలిసింది."

పది వారాల క్రితం ఓంకార్‌ను మస్కట్ శివారు అల్ అమెరాత్‌లోని ఒక లేబర్ క్యాంపులోకి పంపింది ఆ హెల్త్ క్యాంపు కోసమే. గ్రెగర్ వాల్డ్ అనే విదేశీయుడు 'మెరిడియన్ కేర్' అనే సేవాసంస్థ పేరుతో కార్మికులకు ఉచిత వైద్య పరీక్షలు చేయిస్తున్నాడు. రక్తం, మలం, గాయాల మీది చీము, అన్నింటినీ సేకరిస్తాడు. ఒక తువాలు, ఒక సబ్బు చేతిలో పెడతాడు. రిపోర్టు మాత్రం ఎవరికీ ఇవ్వడు. పేదవాడి మలాన్ని అంత శ్రద్ధగా ఐస్ పెట్టెలో దాచుకొనే దాతను శాఖ అంతకు ముందు చూడలేదు.

మనోహరం ఒక కాగితాన్ని ముందుకు తోశారు. "నిన్న పట్టుకున్న మెసేజ్. డీకోడ్ అయింది."

"వెతుకుతున్నది దొరికింది. అల్ అమెరాత్, తొమ్మిదో గది. దాన్ని ఆ గదిలోకి తెచ్చిన మనిషి ఎవరో ఇంకా తేలలేదు. అతనికీ తెలిసి ఉండదు. సరుకు శుక్రవారం ఓడ ఎక్కుతుంది."

ఓంకార్ ఆ వాక్యాలను రెండుసార్లు చదివాడు. తొమ్మిదో గది అతడు నిద్రపోయే గది.

"దొరికినది ఏమిటి సార్?"

"బాక్టీరియా. ఆసుపత్రులలో చివరి ఆయుధంగా దాచుకొనే యాంటీబయాటిక్‌లకు కూడా లొంగనిది. లొంగదీసే మందు ఒక్కటే ఉంది. అది వాల్డ్ లాబొరేటరీలోనే ఉంది. ఈ క్రిమిని నాలుగు రేవు పట్టణాల్లో వదులుతాడు. ఆసుపత్రులు చేతులెత్తేశాక మందు బయటపెడతాడు. అర్థమైందా?"

"అయింది సార్."

"నీ పని రెండు. ఒకటి, సరుకు ఓడ ఎక్కకూడదు. రెండు, దాన్ని ఒమన్‌కు తెచ్చినవాడెవడో తేల్చాలి. అతడు ఇంకెంతమందికి అంటిస్తాడో తెలియదు. గదిలో ఎంతమంది?"

"ఏడుగురు సార్."

మనోహరం ఏడు అని రాసుకున్నారు. రిపోర్టు రాసే ఏజెంటు తనను లెక్కలో వేసుకోకపోవడం ఆ శాఖలో ఏళ్లనాటి పద్ధతి. ఎవరికీ అది తప్పుగా తోచలేదు.

* * *

తొమ్మిదో గదిలో నాలుగు రెండంతస్తుల మంచాలు, ఒక ఏసీ, ఒక గ్యాస్ పొయ్యి, కిటికీలో ఒక ఖర్జూరాల డబ్బా ఉన్నాయి. ఆ డబ్బా గదివాళ్ల దవాఖానా. సెలవు మీద ఊరికి వెళ్లినవాడు ప్రతివాడూ తిరిగి వచ్చేటప్పుడు తనకు తోచిన మాత్రల స్ట్రిప్పులు తెచ్చి అందులో వేసేవాడు. ఎవరికి జ్వరం వచ్చినా ముందు డబ్బా, ఆ తరువాతే డాక్టరు. డాక్టరు దగ్గరికి పోతే ఒక డ్యూటీ పోతుంది. ఒళ్లు తేలికపడగానే మిగిలిన మాత్రలను తిరిగి డబ్బాలో వేయడం గది మర్యాద. తోటివాడికి పనికివచ్చేదాన్ని తానే మింగడం అక్కడ దురాశ కింద లెక్క.

ఓంకార్ కూడా ఆ మర్యాదను పాటించాడు. చేరిన రెండో వారంలో పోచన్నకు గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. డబ్బాలో తగిన మాత్ర లేదు. ఓంకార్ తన పెట్టె తెరిచి, ఆరు నెలల క్రితం హైదరాబాదులో భుజానికి ఆపరేషన్ అయినప్పుడు మిగిలిన స్ట్రిప్పులోనుంచి నాలుగు మాత్రలు తీసి ఇచ్చాడు. ఆ పూటనుంచి పోచన్న అతన్ని 'తమ్మీ' అన్నాడు. కింది మంచం ఖాళీ చేసి ఇచ్చాడు. మూడు నెలలు పట్టవలసిన నమ్మకం నాలుగు మాత్రలతో చేతికి వచ్చిందని ఓంకార్ చీఫ్‌కు రాసిన రిపోర్టులో కొంచెం గర్వంగానే పేర్కొన్నాడు.

పోచన్న జగిత్యాల వైపువాడు. పందొమ్మిదేళ్లుగా ఒమన్‌లో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. ఈ నెల ఇరవై ఆరున వీసా కాన్సిల్ చేసుకుని ఇంటికి వెళ్లిపోతున్నాడు. భార్య లస్మవ్వకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్‌కు ఆమె ఒప్పుకోవడం లేదు.

"ఎందుకొద్దంటుందో ఎరికేనా తమ్మీ?" అని అతడు ప్రతి వారం ఒకసారి చెప్పేవాడు. "కట్టు ఇప్పంగనే ముందుగాల నా మొఖం జూస్తదట. నేను వచ్చినంకనే ఆపరేషన్ చేపిచ్చుకుంటదట. గీ మొఖంల ఏమున్నదని చెప్పు!" అని నవ్వేవాడు. ఆ నవ్వులో ఉన్న సంతోషం ఎవరికీ తెలియదని అతని నమ్మకం.

ఆ మంగళవారం ఓంకార్ రూవినుంచి తిరిగి వచ్చేసరికి పోచన్న రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతున్నాడు. తొమ్మిది రోజుల క్రితం సైట్‌లో పాదానికి ఇనుప చువ్వ గుచ్చుకుంది. హెల్త్ క్యాంపువాళ్లు వచ్చి చీము తుడుచుకుపోయారు. అతడు డబ్బాలోని గోళీలు మూడు రోజులు వేసుకున్నాడు. ఇప్పుడు కాలు మోకాలిదాకా వాచి ఎర్రబడి ఉంది.

"దవాఖానకు పోదాం అన్నా. లే." ఓంకార్ గదిలో గది మాటే మాట్లాడేవాడు.

"గీ చిన్నదానికా? రెండు గోళీలేస్తే గుంజుకపోతది."

"లే అంటున్న!"

"గట్ల కసురుతవేంది? నువ్వు నాకంటే పెద్దోనివా?" పోచన్న లేవబోయి మంచం కోడు పట్టుకున్నాడు. "లస్మవ్వ ఫోన్ చేస్తే డ్యూటీల ఉన్నడని చెప్పుండ్రి."

* * *

పోచన్నను చేర్చిన ప్రైవేటు ఆసుపత్రిలో మైక్రోబయాలజీ విభాగపు సూపర్‌వైజర్ సెలిన్. కాకినాడ అమ్మాయి. ఆదివారం చర్చిలో పాడుతుంది. గురువారం వాల్డ్‌తో భోజనం చేస్తుంది. ఆమె తన మనిషి అని, ఆసుపత్రి రహస్యాలు తనకు అందిస్తోందని వాల్డ్ నమ్మకం. అతనికి ఏవి అందాలో నిర్ణయించేది మాత్రం మనోహరం. రెండేళ్లుగా ఆ డబుల్ ఏజెంటు జీవితాన్ని ఆమె ఒక్క ముడత లేకుండా నడుపుతోంది.

గురువారం ఉదయం ఆమె ఓంకార్‌ను లాబ్ వెనుక గదిలోకి పిలిచింది.

"పోచన్నగారి రక్తంలోకి ఎక్కేసిందండి. క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా. ఇరవై రెండు మందులతో పరీక్షించాను. ఒక్కటీ పనిచేయడం లేదు."

"వాల్డ్ తన లాబొరేటరీలో తయారు చేశాడా?"

"ఎవరూ తయారు చేయలేదు. అదేనండి బాధ." ఆమె ఒక గాజుపళ్లెం ఎత్తి వెలుతురుకు పట్టింది. "కోట్లకొద్దీ బాక్టీరియా పుడుతుంటాయి. ప్రతి కాపీలోనూ చిన్నచిన్న తప్పులు. వాటికి ఉద్దేశం ఏమీ ఉండదు. ఒకానొక తప్పు వల్ల ఒకదానికి మందు అంటదు. మందు పడగానే మిగతావన్నీ చస్తాయి. ఖాళీ అయిన స్థలమంతా దానిదే. ఇరవై నిమిషాలకు రెండు, నలభైకి నాలుగు. మోతాదు సగంలో ఆపేస్తే సగం బలమున్నవి కూడా మిగిలిపోతాయి. తరువాతిసారి ఇంకొంచెం బలమున్నవి."

"అంటే దానికి పుట్టుకతో వచ్చింది."

"దీనికి పుట్టుకతో రాలేదు. ఇంకొకటి ఇచ్చింది." సెలిన్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మీ భాషలో చెబుతాను వినండి. ప్లాస్మిడ్ అని ఒక చిన్న డీఎన్‌ఏ వలయం ఉంటుంది. మందును ముక్కలు చేసే విద్య దానిలో రాసి ఉంటుంది. ఒక బాక్టీరియం పక్కదానికి గొట్టంలాంటి చెయ్యి చాచి, దాని నకలు అందిస్తుంది. తీసుకునేది తన జాతిదే కానక్కరలేదు, శత్రుదేశపుదైనా సరే. చనిపోయిన ఏజెంటు జేబులోని కాగితాన్ని దారినపోయేవాడు తీసుకున్నట్టు, చచ్చిన బాక్టీరియా వదిలిన జన్యువును ఇంకొకటి ఏరుకుంటుంది. కొన్నిసార్లు వైరస్‌లు కొరియర్లవుతాయి. మీ శాఖకన్నా మూడువందల కోట్ల ఏళ్ల సీనియారిటీ అండి దానిది."

"పోచన్నకు ఎవరు ఇచ్చారు?"

"గదిలో ఎవరి పేగుల్లోనో ఈ-కొలై అనే ఇంకో మామూలు బాక్టీరియా ఉండాలి. ఆ మనిషికి ఏ జబ్బూ ఉండదు. వంట చేస్తాడు, కుళాయి తిప్పుతాడు, అది పోచన్నగారి కడుపులోకి చేరుతుంది. అక్కడ క్లెబ్సియెల్లాకు ప్లాస్మిడ్ అందిస్తుంది. ఆ తరువాత ఎవరో నాలుగు మాత్రలు ఇచ్చి ఉంటారు. పోటీగా ఉన్న మంచి బాక్టీరియా అంతా పోయి ఇది ఒక్కటే మిగిలి ఉంటుంది. కాలికి గాయమైనప్పుడు చేతి మురికితో అందులోకి చేరి ఉంటుంది. ఆ మూలమనిషి ఈమధ్య ఆసుపత్రిలో ఉండి, బలమైన మందులు వాడినవాడై ఉంటాడు. ఏడుగురి నమూనాలూ వచ్చాయి." ఆమె ఒక ఖాళీ డబ్బీ చేతికిచ్చింది. "మీది కూడా ఇవ్వండి."

"నాదెందుకు?"

"ఆ గదిలో పడుకునేవాళ్లు ఎనిమిది మంది కదండీ."

అతడు డబ్బీని జేబులో వేసుకున్నాడు. హెల్త్ క్యాంపుకు పది వారాలుగా ఇవ్వకుండా తప్పించుకున్న నమూనాను ఆ పూట ఇచ్చాడు. అది కేవలం లాంఛనం అనుకున్నాడు.

"పోచన్న బతుకుతాడా?"

"వాల్డ్ మందు దొరికితే ఆశ ఉంది. దొరక్కపోతే..." సెలిన్ పళ్లేన్ని యథాస్థానంలో పెట్టింది. "ఈ సాయంత్రం వాల్డ్ భోజనానికి పిలిచాడు. మీరూ రండి."

* * *

కుర్రమ్ సముద్రతీరంలోని ఆ హోటల్‌లో సెలిన్ నల్లని పట్టుచీరలో, ఒంటిపేట ముత్యాలతో కూర్చుంది. ఆమె అందాన్ని వర్ణించడం ఈ కథకు అనవసరం. వాల్డ్ చూపు ఆమె మీదనుంచి కదలలేదన్నదే అవసరం. తెల్ల కోటు, అతికించిన మీసం ధరించిన వెయిటర్ ఒకడు కహ్వా కాఫీ కూజాను వారి బల్లమీద ఉంచాడు. కూజా అడుగున మైక్రోఫోన్ ఉంది. మీసం వెనుక ఓంకార్ ఉన్నాడు.

"ఆ చీము ఎవరిదో అతడు మా ఆసుపత్రిలోనే ఉన్నాడు. పోచన్న అని పేరు," అంది సెలిన్ ఇంగ్లీషులో.

"ఆ పేరు నాకు తెలియదు," అన్నాడు వాల్డ్. "నాకు తెలిసినది నమూనా తొమ్మిది-సి. అద్భుతం! నా లాబొరేటరీ ఏడేళ్లలో సాధించలేకపోయినది ఆ దరిద్రపు గది మూడు నెలల్లో సాధించింది."

"మీ సిబ్బందికి అంటుకుంటే?"

"మందు ఆరు వయల్స్ వాన్‌లోనే ఉంది. క్రిమిని పెంచిన కల్చర్ పక్కనే. వాన్ వాడి కబీర్ పేటలోని మా వర్క్‌షాప్ దగ్గర ఉంది. రేపు జుమా నమాజు వేళ అక్కడినుంచి బయలుదేరుతుంది. అప్పుడు వీధిలో ఎవరూ ఉండరు."

ఓంకార్ ఖాళీ కప్పులు తీసుకుని వంగి నమస్కరించాడు. శుక్రవారం మూడు గంటలకు రేవు దగ్గర పట్టుకోవాలని ఒమన్ పోలీసులతో మనోహరం చేసుకున్న ఏర్పాటు అప్పటికే నిరుపయోగం అయింది; మూడింటికి చాలా ముందే సరుకు ఓడ ఎక్కేస్తుంది.

* * *

శుక్రవారం. పదకొండూ నలభై ఎనిమిది. వాడి కబీర్ వర్క్‌షాపుల వీధిలో షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఏసీ మెకానిక్ దుస్తుల్లో ఓంకార్ తెల్లని వాన్ పక్కన మోకరిల్లి, కొలత టేపు ఆకారంలో ఉన్న సిగ్నల్ క్లోనర్‌ను తలుపుకు ఆనించాడు. ఎర్ర దీపం. ఎర్ర దీపం. పచ్చ దీపం.

వాన్ ఫ్రిజ్‌లో ఒక స్టీల్ ఫ్లాస్క్, ఒక తెల్లని పెట్టె. ఫ్లాస్క్‌లో పన్నెండు చిన్న ట్యూబులు. పెట్టెలో ఆరు వయల్స్. రెండింటినీ టూల్‌బ్యాగ్‌లో వేసుకుని అతడు తన పికప్ ఎక్కుతుండగా వెనుక అరుపు వినిపించింది. బుల్లెట్ ఒకటి అద్దాన్ని పగలగొట్టి పోయింది.

పోలీసులు రేవునుంచి రావాలి. దగ్గరలో అతనికి తెలిసిన చోటు ఒక్కటే. కొండదారి మీద పికప్ అల్ అమెరాత్ వైపు దూసుకుపోయింది. అతడు ఇయర్‌పీస్‌లో సెలిన్‌ను పిలిచాడు.

"కల్చర్ నా దగ్గరుంది. నా వెనుక మనుషులున్నారు. మోరీలో పోసేయనా?"

"వద్దండి! మురుగులోకి పోతే అక్కడి కోటి రకాలకు ఆ జన్యువును మీరే పంచిపెట్టినట్టు. ఆటోక్లేవ్ కావాలి. పీడనంలో ఆవిరి. నూట ఇరవై ఒక్క డిగ్రీలు, ఇరవై నిమిషాలు."

"లేబర్ క్యాంపులో ఆటోక్లేవ్ ఎక్కడిది?"

"ఇవాళ శుక్రవారం. మీ గదిలో కుక్కర్ పొయ్యి మీద లేదూ?"

ఉంది. వారానికి ఒక్క సెలవు. ఆ రోజు మటన్. ఓంకార్ తలుపు తోసుకుని వచ్చేసరికి రఘుపతి గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆరుగురూ పళ్లేలు కడుక్కుని సిద్ధంగా ఉన్నారు. ఓంకార్ కుక్కర్‌లోని కూరను బేసిన్‌లో గుమ్మరించి, నీళ్లు పోసి, సెలిన్ చెప్పినట్టు ట్యూబుల మూతలు ఒక్క చుట్టు వదులు చేసి గిన్నెలో నిలబెట్టాడు.

"ఏం జేస్తున్నవ్ అన్నా? సగమే ఉడికింది మటన్!" అన్నాడు రఘుపతి.

"పోచన్నను చంపుతున్నది గిందులనే ఉన్నది. తలుపుకు మంచాలు అడ్డం పెట్టుండ్రి."

ఇంకెవరూ ప్రశ్న అడగలేదు. నాలుగు మంచాలూ తలుపు దగ్గరికి జరిగాయి. మొదటి విజిల్ వచ్చింది. ఓంకార్ మంట తగ్గించి, వాచీలో ఇరవై నిమిషాలు పెట్టాడు.

పన్నెండు నిమిషాలప్పుడు బయట వాన్ ఆగింది. పద్నాలుగుకు తలుపు మీద మొదటి దెబ్బ పడింది. ఆరుగురు సెంట్రింగ్ కూలీలు మంచాలకు వీపులు ఆనించారు; పదంతస్తుల కాంక్రీటును నిలబెట్టిన వీపులు. పదిహేడుకు తలుపు పైభాగం చీలింది. పంతొమ్మిదిన్నరకు చీలికలోనుంచి పిస్తోలు, వెనుక ఒక ముఖం కనిపించాయి.

"ఫ్లాస్క్ కిధర్ హై?"

ఓంకార్ వాచీ వైపు చూశాడు. మూడు. రెండు. ఒకటి.

"ఉడికింది," అన్నాడు రఘుపతి, గ్యాస్ కట్టేస్తూ.

సైరన్లు క్యాంపు గేటు దాటాయి. పిస్తోలు నేల మీద పడింది. నలభై నిమిషాల తరువాత రేవులో వాల్డ్ కూడా పట్టుబడ్డాడు. కుక్కర్‌ను పోలీసులు సాక్ష్యంగా సీలు వేసి తీసుకుపోయారు; గదివాళ్లు ఆ రోజు సగం ఉడికిన మటన్ తిన్నారు.

* * *

స్వాధీనం చేసుకున్న మందును రోగికి వాడటానికి ఆసుపత్రి కమిటీ, అధికారులు, పోచన్న ముగ్గురూ ఒప్పుకోవాలి. మనోహరం టై బిగించుకుని నాలుగు కార్యాలయాలు తిరిగారు. పోచన్న సంతకం పెట్టే ముందు ఒకటే అడిగాడు: "ఇరవై ఆరుకు లేస్తనా డాక్టరమ్మా?"

శనివారం ఉదయం మొదటి డోసు ఇచ్చారు. ఆదివారానికి జ్వరం తగ్గింది. సోమవారం అతడు లేచి కూర్చుని గంజి తాగి, ఉప్పు లేదని నర్సుతో పోట్లాడాడు. ఓంకార్‌కు చాలా ఏళ్ల తరువాత ఒక మిషన్ ముగిశాక ఆకలి వేసింది.

సోమవారం సాయంత్రం సెలిన్ అతన్ని లాబ్‌కు పిలిచింది. ఆమె కూర్చోమనలేదు, తానూ కూర్చోలేదు.

"ఏడుగురి నమూనాలూ చూశానండి. ప్లాస్మిడ్ ఇద్దరిలో ఉంది. కానీ ఆ ఇద్దరూ తీసుకున్నవాళ్లే. దాన్ని మొదట ఇచ్చిన ఈ-కొలై ఆ ఏడుగురిలో ఎవరి దగ్గరా దొరకలేదు."

"అయితే?"

"ఎనిమిదో డబ్బీలో తేలింది." ఆమె కాగితాన్ని అతని ముందుంచింది. "అక్షరం అక్షరం సరిపోయింది. ఈమధ్య ఆసుపత్రిలో ఎన్నాళ్లు ఉన్నారు?"

"భుజం ఆపరేషన్‌కు, పదకొండు రోజులు."

"అక్కడ మీ పేగుల్లోకి చేరింది. మీకేమీ చేయలేదు. ఇంకా కొన్ని నెలలు ఉంటుంది."

ఓంకార్ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పదకొండేళ్లలో ఎన్నో పత్రాలు ఒక్క చూపులో చదివి గుర్తుపెట్టుకున్న మనిషి, ఆ నాలుగు వరుసలు చదవలేకపోయాడు.

"ఆ మాత్రలు కూడా నావే," అన్నాడు. "జాలితో ఇవ్వలేదు సెలిన్ గారూ. నమ్మకం కోసం ఇచ్చాను. ట్రేడ్‌క్రాఫ్ట్, మా గూఢచారుల పనితనం."

"ఆయనకు చెప్పనక్కరలేదండి."

కానీ అతడు చెప్పాడు. ఆ రాత్రి కాదు. మరునాటి ఉదయం, ఎండ కిటికీలోనుంచి మంచం మీద పడుతుండగా.

"అన్నా, నీ కాలుల పురుగు నాది. నా కడుపులకెళ్లి నీకొచ్చింది. నేనిచ్చిన గోళీలే దాన్ని పెంచినయ్."

పోచన్న తన కాలు చూసుకున్నాడు. "నీ కడుపుల ఉన్నది నా కాలుకెట్లొస్తది రా? నువ్వేమన్న నన్ను తన్నినవా?"

"నిజంగ చెప్తున్న అన్నా."

"పిచ్చోడా! జరమొచ్చినోనికి గోళీ ఇచ్చినవు. ఇయ్యకుంటె తప్పుగాని ఇస్తె తప్పెట్లైతది?" అతడు ఓంకార్ చేతిని తట్టాడు. "అన్నం తిన్నవా? మొఖం పీక్కపోయింది. నన్ను జూసి లస్మవ్వ ఏడ్వాలె గని నిన్ను జూసి ఏడుస్తది."

బుధవారం జ్వరం మళ్లీ వచ్చింది.

సెలిన్ రెండు రోజులు లాబ్‌లోనుంచి బయటికి రాలేదు. వాల్డ్ మందు బాక్టీరియా గోడలోని ఒక సన్నని ద్వారంలోనుంచి లోపలికి పోతుంది. కోట్లలో ఏదో ఒకటి, కాపీలో జరిగిన ఒక్క తప్పుతో, ఆ ద్వారం లేకుండా పుట్టింది. మందు మిగతావాటినన్నింటినీ చంపి దానికి స్థలం చేసిపెట్టింది. ఇరవై నిమిషాలకు రెండు. నలభైకి నాలుగు. ప్రపంచపు ఆసుపత్రులన్నింటికీ తానొక్కడే అమ్ముతానని ఏడేళ్లు కలగన్నవాడి మందు, ఒక సెంట్రింగ్ మేస్త్రీ ఒంటిలో ఐదు రోజులు నిలవలేదు. వాల్డ్ పథకం తనంతట తానే కూలిపోయేది. పోచన్నను మాత్రం ఎవరూ నిలపలేకపోయారు.

శుక్రవారం లస్మవ్వ వీడియో కాల్ చేసింది. ఫోన్‌ను ఓంకార్ పట్టుకున్నాడు. పోచన్నకు అప్పటికి మాట రావడం లేదు.

"కనవడ్తలేడు," అంది ఆమె, తెరను కళ్లకు ఆనించుకుని. "అంత మసక మసకున్నది. ఉన్నడా బిడ్డా? నవ్వుతున్నడా?"

"నవ్వుతున్నడు వదినా," అన్నాడు ఓంకార్.

అది అతని జీవితంలో అత్యంత నైపుణ్యంతో చెప్పిన అబద్ధం. పోచన్న ఆ మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు చనిపోయాడు.

* * *

కాగితాలు పూర్తి కావడానికి నాలుగు రోజులు పట్టింది. మృతదేహంతో వెళ్లేందుకు ఓంకార్ అనుమతి కోరాడు. మనోహరం డ్రాయర్‌లోనుంచి ఢిల్లీ పంపిన ప్రశంసాపత్రం తీసి ఇచ్చారు. ప్రాణాంతకమైన సూక్ష్మజీవిని సరిహద్దు దాటనివ్వనందుకు అని అందులో రాసి ఉంది.

"నీ రిపోర్టులో రెండో ప్రశ్నకు జవాబు చదివాను," అన్నారు మనోహరం. "నేను కూడా ఏడే రాసుకున్నాను, ఓంకార్." ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఇరవై ఆరో తేదీ విమానంలోనే పోచన్న ఇంటికి వెళ్లాడు, సరుకుల అరలో. శంషాబాద్‌లో దిగాక ఓంకార్ చేతులు కడుక్కున్నాడు. సెలిన్ చెప్పినట్టు మోచేతులదాకా, సబ్బుతో, రెండుసార్లు. బయట కార్గో గేటు దగ్గర లస్మవ్వ నిలబడి ఉందని ఆమె మరిది ఫోన్ చేశాడు. పెట్టె తెరిస్తే మొఖం చేత్తో తడిమి చూస్తానంటోందట.

గ్రీన్ ఛానల్ దగ్గర కస్టమ్స్ అధికారి చెయ్యి ఎత్తి ఆపాడు.

"డిక్లేర్ చేయవలసినది ఏమైనా ఉందా?"

పదకొండేళ్లుగా, తొమ్మిది దేశాల సరిహద్దుల్లో, ఆ ప్రశ్నకు లేదని చెప్పిన మనిషి మొదటిసారి నిజం చెప్పాడు.

"ఉంది."

అధికారి అతని పెట్టెను తెరిచి, బట్టలు ఒక్కొక్కటే విప్పి, అంచుల కుట్లు తడిమి, రెండుసార్లు ఎక్స్‌రేలో పంపి, చివరికి మూత వేసి, ఏమీ లేదని మర్యాదగా నవ్వి, అతన్ని దేశంలోకి వదిలేశాడు.